నీళ్ళలో నీడ: ఆకురాలు కాలంలో కొలను ఒడ్డున ఫోటోలు తీయడం ఎలా

ఎండ తగలని చోటునీ నీడ అంటాం, నీళ్ళలో కనిపించే రూపాన్నీ నీడే అంటాం. బావిలోకి వంగి నీడ చూసుకుంటుంటే పెద్దవాళ్ళు కసిరిన జ్ఞాపకం చాలామందికి ఉండే ఉంటుంది. కొలను ఒడ్డున కెమెరా పట్టుకుని కొన్నేళ్ళు తిరిగాక నాకు అర్థమైంది ఏమిటంటే, ఈ రెండు నీడలూ కలిసిన చోటే మంచి ఫోటో దొరుకుతుంది. చెట్టు మీద వెలుగు ఉండాలి, నీళ్ళ మీద నీడ ఉండాలి. అప్పుడే నీళ్ళలో నీడ నిండుగా కనిపిస్తుంది.

ఇక్కడ చెప్పేదంతా అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని అకేడియా నేషనల్ పార్క్‌ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. బోస్టన్ నుంచి కారులో దాదాపు 5 గంటల దారి. అట్లాంటిక్ తీరంలో మౌంట్ డెజర్ట్ అనే దీవి మీద, కొండల మధ్య ఇరుక్కుని చిన్నా పెద్దా కొలనులు చాలా ఉన్నాయి. ఈ దీవి తూర్పు వైపు రంగులకి వెనక ఒక కథ ఉంది. 1947 అక్టోబర్‌లో పెద్ద కార్చిచ్చు రేగి దీవిలో 17 వేల ఎకరాలకు పైగా కాలిపోయింది. అంతకుముందు అక్కడ ఎక్కువగా ఏడాది పొడవునా పచ్చగా ఉండే స్ప్రూస్, ఫర్ చెట్లు. కాలిన నేలలో వెలుగుని కోరుకునే బర్చ్, ఆస్పెన్ లాంటి ఆకు రాల్చే చెట్లు వేగంగా మొలిచాయి. ఈ రోజు టార్న్ కొలనులో మనం చూసే పసుపు రంగు ఆ బూడిదలోంచి లేచినదే. ఆ సంగతి తెలిశాక ఆ చెట్లని చూసే చూపే మారింది నాకు.

ఎప్పుడు వెళ్ళాలి

అకేడియాలో రంగులు బాగా పండేది సాధారణంగా అక్టోబర్ రెండు, మూడు వారాల్లో. మనకి దసరా, దీపావళి పండుగల రోజులు. తడి నేలల్లో ఉండే రెడ్ మేపుల్ అందరికంటే ముందు, సెప్టెంబర్ చివరికే ఎర్రబడుతుంది. తర్వాత బర్చ్, ఆస్పెన్ పసుపుగా మారతాయి. ఓక్ చివర్లో ఇటుక రంగుకి వస్తుంది. పగటి వేళ తగ్గేసరికి ఆకుల్లో పత్రహరితం విరిగిపోయి, అప్పటిదాకా దాని చాటున దాక్కున్న పసుపు బయటపడుతుంది. ఎరుపు మాత్రం దాక్కున్నది కాదు, ఆకు రాలే ముందు కొత్తగా తయారుచేసుకునేది.

రంగు పతాక స్థాయిలో ఉన్న రోజే వెళ్ళాలని టెన్షన్ పడకండి. ప్రతిబింబాల కోసమైతే ఆ తర్వాత నాలుగైదు రోజులు ఇంకా బాగుంటాయని నా అభిప్రాయం. సగం ఆకులు రాలిపోయి, బర్చ్ కాండాల తెలుపు నీళ్ళలో గీతలు గీసినట్టు కనిపిస్తుంది. రాలిన ఆకులు నీటి మీద తేలుతూ ఉంటాయి. ఆకులు నిండుగా ఉన్న రోజున ఆ గీతలు కనిపించవు.

ముందు కొండని చూసుకోండి, తర్వాత కొలనుని

మెత్తటి వెలుగు అనగానే అందరూ మబ్బు పట్టిన రోజు అంటారు. నిజమే, మబ్బు ఉన్నప్పుడు నీడలు గట్టిగా పడవు, ఆకుల మీద తెల్లటి మెరుపు తగ్గుతుంది, రంగు చిక్కగా వస్తుంది. కానీ నాకు ఇంతకంటే ఇష్టమైన వెలుగు ఇంకొకటి ఉంది. ఆకాశం తేటగా ఉన్న ఉదయం, కొలను ఇంకా కొండ నీడలోనే ఉండగా, ఎదుటి కొండ మీద చెట్లకి మాత్రం ఎండ తగిలే ఇరవై ముప్పై నిమిషాలు.

ఎందుకంటే నీళ్ళ మీద నేరుగా ఎండ పడితే అది లోపలికి దిగి అడుగున ఉన్న రాళ్ళనీ, నాచునీ, నీటిలో తేలే నలుసులనీ వెలిగిస్తుంది. ఆ వెలుగు మళ్ళీ పైకి వచ్చి ప్రతిబింబంతో కలిసి దాన్ని పాలిపోయేలా చేస్తుంది. నీళ్ళు నీడలో ఉంటే అడుగు చీకటిగా ఉంటుంది. ఆ నల్లటి పలక మీద ఎదుటి చెట్ల ఎరుపూ పసుపూ చిక్కగా పడతాయి.

కాబట్టి మొదటి పని మ్యాప్ ముందేసుకోవడం. కొలనుకి తూర్పున ఏ కొండ ఉంది, పడమర ఏది ఉంది అన్నది చూడాలి. జోర్డాన్ పాండ్‌కి తూర్పున పెమెటిక్ కొండ, పడమర పెనాబ్‌స్కాట్ కొండ. అంటే ఉదయం పెమెటిక్ నీడ కొలను మీద పడి ఉండగా పెనాబ్‌స్కాట్ వాలు మీద ఎండ తగులుతుంది. సాయంత్రం ఇది తిరగబడుతుంది. దక్షిణపు ఒడ్డున నిలబడితే ఎదురుగా ఉత్తరాన బబుల్స్ అనే రెండు గుండ్రటి కొండలు కనిపిస్తాయి. ఎక్కువమంది తీసేది ఆ ఫోటోనే.

టార్న్ దగ్గర కూడా లెక్క ఇదే. పడమర డార్ కొండ, తూర్పున హ్యూగెనాట్ హెడ్. ఇది చిన్నది, లోతు తక్కువ, గడ్డి మొలిచి ఉంటుంది, పక్కనే రోడ్డు. మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఇక్కడే మొదలుపెట్టండి. బబుల్ పాండ్ అయితే కెడిలాక్, పెమెటిక్ కొండల మధ్య సన్నగా పొడుగ్గా ఉంటుంది, అందుకే అక్కడ నీడ చాలాసేపు నిలుస్తుంది.

అక్టోబర్ మధ్యలో అక్కడ సూర్యోదయం ఆరూ ముప్పావు ప్రాంతంలో. నేను ఆరింటికే ఒడ్డుకి చేరతాను. సూర్యుడు రాకముందు వెలుగు నీలంగా, చల్లగా ఉంటుంది. అదీ వదులుకోకూడదు. కానీ అసలు పని సూర్యోదయం తర్వాత. చాలామంది సూర్యోదయం ఫోటో తీసుకుని టిఫిన్‌కి వెళ్ళిపోతారు. ఎండ గీత కొండ పైనుంచి మెల్లగా కిందికి జారడం అప్పుడే మొదలవుతుంది. అది ఒడ్డున ఉన్న చెట్ల మొదళ్ళ దాకా దిగి, నీటి అంచుని ఇంకా తాకని ఆ కాసేపటి కోసమే మీరు వచ్చింది.

గాలి

గాలి పడిపోయే వేళ ఏదంటే తెల్లవారుజామే. ఆకాశం తేటగా ఉన్న రాత్రి నేల చల్లబడి, బరువైన చల్లగాలి లోయలో పేరుకుంటుంది. పైన వీచే గాలి కిందికి దిగదు. ఎండ ఎక్కి నేల వేడెక్కాక గాలి కదలడం మొదలవుతుంది. సముద్రం పక్కనే ఉన్న దీవి కాబట్టి పొద్దెక్కాక అల తప్పదు. పెద్ద నీటి మీద గాలికి పరుగెత్తడానికి చోటెక్కువ. అందుకే ఈగిల్ లేక్ అనే పెద్ద సరస్సు కదిలిపోతున్న రోజున కూడా చిన్న కొలను నిశ్చలంగా దొరకవచ్చు. చల్లటి ఉదయాల్లో నీటి వెచ్చదనానికి ఆవిరి మంచు లేస్తుంది. అది ఉంటే ఇంకేమీ అక్కర్లేదు, తీస్తూనే ఉండండి.

చిన్న అలలు ఉన్నాయని కెమెరా సర్దేయకండి. అలల మీద ప్రతిబింబం అడ్డంగా కాకుండా నిలువుగా సాగుతుంది. రంగు కుంచెతో పైనుంచి కిందికి లాగినట్టు ఉంటుంది. షట్టర్‌ని అర సెకను నుంచి 2 సెకన్ల దాకా తెరిచి ఉంచితే ఆ గీతలన్నీ కలిసి పట్టుచీర మడతలా వస్తాయి. కొమ్మలు ఊగుతుంటే ఈ పద్ధతిలో అవి చెదిరిపోతాయి కాబట్టి అప్పుడు చెట్లని వదిలేసి నీళ్ళని మాత్రమే ఫ్రేమ్‌లో పెట్టండి.

నీడ నకలు కాదు

నీళ్ళలో కనిపించేది పైన ఉన్న చెట్టుకి తలకిందుల నకలు అనుకుంటాం. కాదు. అది ఇంకో చోటి నుంచి చూసిన చెట్టు. మీ కెమెరా నీటికి 5 అడుగుల ఎత్తులో ఉంటే, ప్రతిబింబం నీటికి 5 అడుగుల కింద నుంచి పైకి చూస్తే ఎలా కనిపిస్తుందో అలా ఉంటుంది. అందుకే వంతెన కింది భాగం వంతెన మీద నిలబడితే కనిపించదు గానీ ఒడ్డున నిలబడితే నీళ్ళలో కనిపిస్తుంది.

టార్న్ దగ్గర ఇది చేసి చూడండి. ఎదుటి ఒడ్డున బర్చ్ చెట్లు, వాటి వెనక కొండ. నిలబడి చూస్తే కొండ చెట్ల మీదుగా బాగా పైకి లేచి కనిపిస్తుంది, నీళ్ళలో మాత్రం అంత లేవదు, చెట్ల చాటుకి కొంత జారిపోయి ఉంటుంది. ఇప్పుడు మెల్లగా మోకాళ్ళ మీద కూర్చోండి. తర్వాత ఇంకా వంగి కెమెరాని నీటికి జానెడు ఎత్తులోకి తెండి. పైన కొండ కొంచెం దిగుతుంది, నీళ్ళలో కొండ కొంచెం లేస్తుంది, రెండూ దాదాపు సమానమవుతాయి. కెమెరా ఎంత కిందికి వస్తే పైదీ కిందిదీ అంత దగ్గరవుతాయి. పొందికగా అద్దంలా రావాలంటే పొట్ట మీద పడుకోవాల్సిందే. ఒక పాత ప్లాస్టిక్ పట్టా వెంట తీసుకెళ్ళండి, ఒడ్డంతా తడిగా ఉంటుంది.

కానీ వంగడం ప్రతిసారీ మంచిది కాదు. మీ ముందు నీళ్ళలో రాయో గడ్డిపోచలో ఉంటే, వంగిన కొద్దీ అవి పెద్దవై వెనక రంగుని మూసేస్తాయి. అప్పుడు లేచి నిలబడితే రాయికీ దూరపు ప్రతిబింబానికీ మధ్య నీరు తెరుచుకుంటుంది. ట్రైపాడ్ బిగించే ముందు ఓ రెండు నిమిషాలు కెమెరాని చేత్తో పట్టుకుని లేస్తూ కూర్చుంటూ చూడండి. తర్వాత ట్రైపాడ్‌ని ఆ ఎత్తుకి తెచ్చుకోండి. ముందే ట్రైపాడ్ వేసేస్తే అది ఎంత ఎత్తుంటే మన ఫోటోలన్నీ అంత ఎత్తులోనే మిగిలిపోతాయి.

వెలుగు సంగతీ ఇలాంటిదే. నీళ్ళలోకి నిటారుగా చూస్తే నీరు 2 శాతం వెలుగునే తిప్పి పంపుతుంది, అందుకే కాళ్ళ దగ్గర రాళ్ళు కనిపిస్తాయి. నీటి మట్టానికి 10 డిగ్రీల కోణంలో చూస్తే దాదాపు 35 శాతం, 5 డిగ్రీలకి 60 శాతానికి దగ్గరగా తిరిగి వస్తుంది. దూరపు ఒడ్డు దగ్గర నీరు అద్దంలా, దగ్గర నీరు గాజులా ఉండటానికి కారణం ఇదే. దీన్నిబట్టి దూరపు ప్రతిబింబం అసలు చెట్టు కంటే సాధారణంగా 1 నుంచి 2 స్టాప్‌లు (ఒక స్టాప్ తగ్గడమంటే వెలుగు సగం కావడం) తక్కువ వెలుగుతో ఉంటుందని గుర్తుపెట్టుకుంటే చాలు.

ఫోకస్

నీటి మీద తేలుతున్న ఎర్రటి మేపుల్ ఆకు మీకు 3 అడుగుల దూరంలో ఉంది. దాని పక్కనే, ఆకుని ఆనుకుని, తెల్లటి బర్చ్ కాండం ప్రతిబింబం. కంటికి రెండూ ఒకే చోట ఉన్నట్టే ఉంటాయి. కానీ ఆకు మీద ఫోకస్ పెడితే కాండం మసకబారుతుంది. కాండం మీద పెడితే ఆకు అంచుల పళ్ళు కరిగిపోతాయి. ఎందుకంటే ప్రతిబింబం నీటి పైన లేదు. కెమెరా నుంచి నీటికి, అక్కడి నుంచి చెట్టుకి ఎంత దూరమో అంత దూరంలో ఉంది. చెట్టు 100 అడుగుల అవతల ఉంటే దాని నీడ కూడా అంత దూరానే.

ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరాలో వెడల్పుగా చూపే 24 మిల్లీమీటర్ల లెన్స్, ఎఫ్11 (వెలుగు వచ్చే రంధ్రం చిన్నగా) పెట్టుకుంటే, 6 అడుగుల దగ్గర ఫోకస్ చేస్తే 3 అడుగుల నుంచి అనంతం దాకా తేటగా వస్తుంది. ఆకూ కాండం రెండూ దక్కుతాయి. 70 మిల్లీమీటర్లకి వెళితే ఈ లెక్క పనిచేయదు. అక్కడ ఆకు మీద ఒకటి, కాండం మీద ఒకటి తీసి తర్వాత కలుపుకోవాలి. లేదా రెండింట్లో ఏది ముఖ్యమో తేల్చుకోవాలి. నేనైతే ఎక్కువసార్లు తేల్చుకోవడమే చేస్తాను. ఆకు తేటగా ఉండి వెనక రంగులన్నీ మెత్తగా కరిగిపోయిన ఫోటో ఒక్కోసారి రెండూ తేటగా ఉన్నదానికంటే నచ్చుతుంది.

ఆటోఫోకస్ ఖాళీ నీటి మీద తడుముకుంటుంది. కాండం అంచు లాంటి గట్టి గీత మీద పాయింట్ పెట్టి, దొరికాక మాన్యువల్‌కి మార్చేయండి.

ఎక్స్‌పోజర్, రంగు

మొదలుపెట్టడానికి: ట్రైపాడ్, ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె) 100, ఎఫ్11, 2 సెకన్ల టైమర్. షట్టర్ ఎంత వస్తే అంత. ఆకులు కదులుతుంటే ఎఫ్8, ఐఎస్ఓ 800కి వెళ్ళి షట్టర్‌ని 1/125కి తెచ్చుకోండి. ఫైల్ రా ఫార్మాట్‌లో (కెమెరా తను సవరించకుండా దాచే అసలు ఫైల్) ఉండాలి.

ఎర్రటి మేపుల్ మీద ఎండ పడినప్పుడు మామూలు హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్) బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, ఎరుపు మాత్రం అప్పటికే హద్దు దాటి వివరాలు పోయి ఉంటాయి. ఇంటికొచ్చి చూస్తే ఆకులన్నీ ఒకే ఎర్రటి మచ్చ, ఈనెలు లేవు. కెమెరాలో మూడు రంగుల హిస్టోగ్రామ్ పెట్టుకుని, ఎరుపు కుడి గోడకి తగిలితే 1/3 లేదా 2/3 స్టాప్ తగ్గించండి. మంచు కమ్మినప్పుడు దీనికి వ్యతిరేకం, కెమెరా తెలుపుని బూడిద చేస్తుంది కాబట్టి 2/3 స్టాప్ పెంచాలి.

వైట్ బ్యాలెన్స్ (రంగుల వెచ్చదనం, చల్లదనం సర్దే సెట్టింగ్) ఆటోలో వదలకండి. పసుపు ఎక్కువగా ఉన్న ఫ్రేమ్ చూడగానే కెమెరా దాన్ని సరిచేయాలనుకుని చల్లబరుస్తుంది. డేలైట్‌లో ఉంచండి, 5,500 కెల్విన్ ప్రాంతం. నీడలో ఉన్న నీరు ఆకాశపు నీలాన్ని తీసుకుంటుంది, ఎదుటి కొండ బంగారు రంగులో ఉంటుంది. ఆ నీలం, ఆ బంగారం పక్కపక్కన ఉండటమే ఈ వెలుగు అందం.

పైన చెట్లకీ కింద నీళ్ళకీ ఉన్న వెలుగు తేడా సర్దడానికి 2 స్టాప్‌ల సాఫ్ట్ గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ (ఒక వైపు ముదురుగా ఉండి మెల్లగా తేలిపోయే గాజు) వాడొచ్చు. ఇప్పటి కెమెరాల్లో రా ఫైల్‌కి ఆ మాత్రం సర్దుకునే శక్తి ఉంది కాబట్టి నేను మానేశాను.

పోలరైజర్ (తిప్పుతూ మెరుపుని తగ్గించే ఫిల్టర్) గురించి మాత్రం జాగ్రత్త. ఒక ఏడాది జోర్డాన్ పాండ్ దగ్గర, వెలుగు అద్భుతంగా ఉన్న ఉదయాన, ఆకుల మెరుపు తగ్గించాలని పోలరైజర్ పూర్తిగా తిప్పి పెట్టి మరిచిపోయాను. చిన్న స్క్రీన్ మీద తేడా తెలియలేదు. బసకి వచ్చి లాప్‌టాప్‌లో చూస్తే ఒడ్డు రాళ్ళు అడుగు దాకా అందంగా కనిపిస్తున్నాయి, దగ్గర నీళ్ళలో ఉండాల్సిన చెట్లు లేవు. నలభై ఫోటోలు. ఆ రోజు పడ్డ బాధ ఇప్పటికీ గుర్తుంది. నీటి మట్టానికి దాదాపు 37 డిగ్రీల కోణంలో తిరిగి వచ్చే వెలుగుని పోలరైజర్ పూర్తిగా ఆపేయగలదు. దూరపు నీటి మీద దాని ప్రభావం తక్కువ. కాబట్టి వ్యూఫైండర్‌లో నీళ్ళనే చూస్తూ తిప్పండి. ప్రతిబింబం బాగా నిండిన చోటు నుంచి కొంచెం, ఆకుల మెరుపు తగ్గేంత మాత్రమే వెనక్కి తిప్పి ఆగిపోండి.

ఫ్రేమ్‌లో ఏం పెట్టాలి

ఒడ్డు గీతని సరిగ్గా మధ్యలో పెట్టకూడదని అందరూ చెబుతారు. నీరు నిజంగా అద్దంలా ఉన్నప్పుడు మధ్యలోనే పెట్టండి. అల ఉంటే, పైన ఆకాశం తెల్లగా పాలిపోయి ఉంటే, గీతని పైకి జరిపి నీటికే ఎక్కువ చోటివ్వండి. మబ్బు రోజున తెల్లటి ఆకాశం ఫ్రేమ్‌లోకి రానివ్వొద్దు. నీళ్ళలో కూడా అది తెల్ల మచ్చగా పడుతుంది, అది చాలామంది గమనించరు.

ఒడ్డుని పూర్తిగా వదిలేసి 100 నుంచి 200 మిల్లీమీటర్ల లెన్స్‌తో ప్రతిబింబాన్ని మాత్రమే తీసి చూడండి. తేలే ఆకు ఒకటి ఉంటే చాలు, చూసేవాళ్ళకి అది నీరని తెలుస్తుంది. ఆకు లేదని మీరే తెచ్చి విసరకండి. గాలి తనే తెస్తుంది, తీసుకెళ్తుంది.

ఫోన్ ఉన్నవాళ్ళకి

ఫోన్‌కి కెమెరా కంటే ఒక సౌకర్యం ఎక్కువ. తలకిందులుగా పట్టుకుంటే లెన్స్ నీటికి రెండు వేళ్ళ ఎత్తులోకి వస్తుంది. చేతికి తాడు తగిలించుకోవడం మరవొద్దు. స్క్రీన్ మీద ప్రతిబింబాన్ని నొక్కి పట్టుకుంటే ఫోకస్, ఎక్స్‌పోజర్ రెండూ లాక్ అవుతాయి. తర్వాత వేలితో కిందికి జరిపి వెలుగు కొంచెం తగ్గించండి. అల్ట్రావైడ్‌లో కొండలు చిన్నబోతాయి, మెయిన్ కెమెరానే వాడండి. ఫోన్ తనంతట తను నీడల్ని పైకి లేపి ప్రతిబింబాన్ని చెట్టంత వెలుగుగా చేసేస్తుంటుంది. అలా అనిపిస్తే ఎడిట్‌లో షాడోస్ తగ్గించండి.

కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడూ గుర్తుంచుకోవాల్సింది ఇదే. కిందిది పైదాని కంటే వెలుగు ఎక్కువైతే, ఎందుకో తెలియకపోయినా చూసేవాళ్ళకి అబద్ధంలా అనిపిస్తుంది. అర స్టాప్ తక్కువే ఉంచండి. రంగు పెంచాలనిపిస్తే మొత్తం మీద కాకుండా పసుపు, నారింజ వరకే, అదీ కొద్దిగా. ఒక పని తప్పక చేయండి: ఫోటోని తలకిందులు చేసి చూడండి. ఏ మూల బరువెక్కిందో, ఎక్కడ తెల్ల మచ్చ లాగుతోందో అప్పుడు ఇట్టే పట్టుబడుతుంది.

బయల్దేరే ముందు ఇంకో రెండు మాటలు. చలికి చల్లబడిన కెమెరాని వెచ్చటి ఊపిరికి దూరంగా ఉంచండి, మంచు చెమ్మ లెన్స్ మీద పడుతుంటుంది, పొడిగుడ్డ దగ్గర పెట్టుకోండి. రెండో బ్యాటరీ కోటు లోపలి జేబులో ఉండాలి, చలికి ఛార్జ్ త్వరగా దిగుతుంది. జోర్డాన్ పాండ్ నీళ్ళు తాగడానికి వాడతారు, అందులో కాలు పెట్టకూడదు. పార్క్‌లో డ్రోన్ నిషేధం. పొద్దెక్కితే పార్కింగ్ దొరకదు.

ఇంటి దగ్గర, ఆంధ్ర, తెలంగాణ ఊళ్ళలో ఉన్నవాళ్ళు ఇదంతా మనకెందుకు అనుకోవద్దు. మన దగ్గర ఆకులు రాలేది శిశిరంలో. చలికాలం చివర నాటు బాదం చెట్టు ఆకులు మేపుల్‌కి ఏమాత్రం తీసిపోని ఎరుపుకి తిరుగుతాయి. చెరువు గట్టున అలాంటి చెట్టు ఒక్కటున్నా చాలు. మన చెరువులు చాలావరకు మైదానంలో ఉంటాయి, నీళ్ళ మీద నీడ పట్టే కొండ ఉండదు. కాబట్టి సూర్యుడు రాకముందు పావుగంట, లేదా మబ్బు పట్టిన ఉదయం చూసుకోండి. చెట్టుకి ఎదుటి గట్టు మీద కూర్చుని, ఫోన్ తలకిందులు చేసి, గేదెలు నీళ్ళలోకి దిగకముందే మొదలుపెట్టండి.